తరుగు

రేపు మేత్రాణులొస్తరు,
నా నొసట తైలం పెడతరు.
ఈయాల మాత్రం నోరు ఖాళీ చెయ్యాలె.

ఉపదేశి ఇన్నాసయ్య చీటీ రాసిచ్చిండు:
మోకరించు. సిలువ గుర్తు వెయ్యి.
ఎన్నేండ్లాయెనో చెప్పు.
తప్పులు చెప్పు, ఎన్నిసార్లో చెప్పు.
చీటీ వెనక వాళ్లింటి సామాన్ల లెక్క ఉంది,
కిలో చక్కెర, మైనపొత్తులు, పావుకిలో ఎల్లిగడ్డ.
నా వంతు వచ్చేదాక
అది గూడ చదువుకుంట కూసున్న.

మాది బాప్టిస్టు గుడి.
పన్నెండేండ్లప్పుడు మూసీ కాల్వల ముంచి లేపిండ్రు.
ఆ నీళ్లు చాలు, మళ్ల ముంచం అన్నరు వీళ్లు,
కని అప్పటిసంది చేసినయన్ని చెప్పుకోవాల్నట.
చెప్పుకోలేదా నేను?
ముప్పై అయిదేండ్లు, పండుకునే ముందు,
దుప్పటి ముసుగుల,
ప్రభువా నేను పాపిని అని.
ఒక్కనాడన్న ఆయన
ఎన్ని కిలోలురా అని అడగలె.

నల్లగొండ నీళ్లు తాగిన మోకాళ్లు, తొందరగ వంగయ్.
చెక్క జాలి పట్టుకొని దిగిన.
అవతల ఒక చెవి, నెరిసిన చెంప.
కొత్త ఫాదర్, గుంటూరు దిక్కు మాట.
"చెప్పండి" అన్నడు.
మార్కెట్ల నన్ను అండీ అన్నోడు లేడు.

ముందుగాల చిన్నయి చెప్పిన:
తాగుడు, తమ్మునితోటి గెట్టు పంచాది,
థెక్లమ్మ మీద ఎత్తిన చెయ్యి.
నోట్లెకెల్లి వచ్చినంక అనిపించింది,
దాన్ని చిన్నయిట్ల ఎందుకు కలిపిన్నో.

ఇగ బత్తాయి ముచ్చట.
ఇరవై రెండేండ్లు కాంటా గుమస్తాను.
టన్నుకు క్వింటాలు తరుగు, అది సేట్ల రివాజు,
దాని లెక్క వాళ్లు చూసుకుంటరు.
దాని మీద నేను కలంతోటి గుంజింది వేరే.
"ఎంత?" అన్నడు ఫాదర్.

సైదమ్మ యాదికొచ్చింది. కనగల్ అవతల ఊరు.
బోరెండిన ఏడు, చెట్లు కొట్టిచ్చే ముందు
ఆఖరి కాపు డీసీఎంల ఏసుకొచ్చింది.
పేచీ పెట్టలె. కాంటా దిక్కు చూడనన్న చూడలె.
ఒక కాయ ఒలిచి నా చేతుల పెట్టింది,
"తిను కొడుకా, పొద్దుగాల్నించి నిలవడే ఉన్నవ్."
తొక్క నూనె చిమ్మి కండ్లు మండినయ్.
తినుకుంటనే రాసిన,
రెండు టన్నుల నాలుగు క్వింటాళ్ల కాడ
రెండు టన్నులు.

"నాలుగు క్వింటాళ్లు" అన్న జాలిలకెల్లి.
"ఆమెకైతే ఒక్కసారే.
కని ఆమె ఒలిచిచ్చిన కాయ నోట్లుంది."

ఫాదర్ సప్పుడు చెయ్యలె.
బయట ఎవరో బండి తంతున్నరు,
అంటుకుంటలేదు, మళ్ల తంతున్నరు.
"పాపం" అన్నడు, మెల్లగ.
నేను చేసిందా,
ఆమె సంగతా,
లేకుంటె నన్ను చూసి అన్నడా.
అడుగుదామనుకునేసరికే
చెయ్యి లేపి విమోచన మాటలు మొదలువెట్టిండు.

అయిదు మంగళవార్త జపాలు ఇచ్చిండు.
అంతేనా అని లేస్తుంటే
"ఆవిడ ఉన్నారా?" అన్నడు.
ఉంది.
"ఆవిడది ఆవిడకి చేర్చండి."

కడపటి బల్ల మీద కూసొని
మొదటి జపం మంచిగనే చెప్పిన.
రెండో దాంట్ల టన్ను ధర జొరబడ్డది.
ఆ ఏడు పదకొండు వేలు,
అంటె నాలుగు వేల నాలుగొందలు.
అండ్ల నా చేతికొచ్చింది మూడొందలు,
అది గూడ మందుకే పోయింది.
ఆనాటి ధర కట్టాల్నా, ఈనాటి ధరనా?
ఇన్నాసయ్య చీటీల అది లేదు.
మరియమ్మను మూడుసార్లు నడుమల ఇడిసిపెట్టి
మళ్ల మొదటికెల్లి పట్టుకున్న.

గుడి మెట్ల కాడ థెక్లమ్మ,
ముఖం దిక్కు చూసి "అయిందా?" అన్నది.
సగం, అన్న.
ఆమెతోటి చెప్పాల్సింది వేరే ఉండె,
ఇంటికి పోయినంక అనుకున్న.

రేపు పూజ తొమ్మిదింటికి.
కనగల్ బస్సు ఆరింటికి ఉంది,
తిరిగొచ్చేది ఎప్పుడుందో
కండక్టర్‌నే అడగాలె.